సమాధిలో కత్తి ఎవరి సాక్ష్యం?

పశ్చిమ రోమను సామ్రాజ్యం కూలిన నాటి నుంచి షార్లమేన్ రాజ్యం కుదుటపడేదాకా, అనగా క్రీ. శ. అయిదో శతాబ్ది చివరి నుంచి ఎనిమిదో శతాబ్ది వరకు, ఉత్తర గాల్ దేశంలోను, రైను నది పరిసరాల్లోను, ఇంగ్లండు తూర్పు భాగంలోను ప్రజలు చనిపోయినవాళ్ళను వస్తువులతో సహా పాతిపెట్టారు. మగవాని పక్కన కత్తి, బల్లెం, డాలు. ఆడమనిషి ఒంటిమీద పైబట్టను పట్టి ఉంచే లోహపు పిన్నులు, పూసల దండలు, నడుముకు వేలాడే తాళపుచెవులు. కాళ్ళ దగ్గర ఒక మట్టిముంత, కలిగినవాళ్ళయితే గాజుపాత్ర. ఇటువంటి సమాధులు వరుసలు తీరిన శ్మశానాలు ఐరోపాలో లెక్కకు మిక్కిలిగా బయటపడ్డాయి. ఆ కాలాన్ని గురించి వ్రాసినవాళ్ళు బహు కొద్దిమంది. వాళ్ళూ ఎక్కువగా మతగురువులే. కాబట్టి ఆ మూడు వందల ఏళ్ళ జనజీవితానికి మట్టిలో దొరికినదే ముఖ్యాధారం.

ఆధారం దొరకటం ఒక ఎత్తు, దాన్ని చదవటం ఒక ఎత్తు. ఈ సమాధులను చదవటంలో రెండు రకాల తప్పుదారులు కనిపిస్తున్నాయి. మొదటిది జాతివాదులది. వాళ్ళ లెక్కలో ఈ తరహా పిన్ను ఫ్రాంకులది, ఆ తరహా పిన్ను సాక్సనులది. పిన్ను దొరికిన చోటల్లా ఆ జాతి నెత్తురు పారింది. రెండోది మనలో కొందరిది. బంగారం దొరికితే పాలకవర్గం, ఏమీ దొరక్కపోతే బానిస అని సమాధిని జమాఖర్చు పుస్తకంలాగా చదివేయటం. మొదటిది దుర్మార్గం. రెండోది దుర్మార్గం కాదు గాని ఒట్టి తొందరపాటు. రెండింటికీ మూలం మాత్రం ఒకటే: సమాధి చనిపోయినవాణ్ణి గురించి చెబుతుందనుకోవటం. గొయ్యి తవ్వింది బతికినవాళ్ళు, వస్తువులు ఏరింది బతికినవాళ్ళు, చుట్టూ నిలబడి చూసిందీ బతికినవాళ్ళే. ముందుగా అది వాళ్ళ సంగతి చెబుతుందని నా వాదం.

ఈ వాదానికి మొట్టమొదటి సాక్షి ఒక రాజు. 1653 మే నెలలో, ఇప్పటి బెల్జియంలోని టూర్నే పట్టణంలో, చర్చి దగ్గర తవ్వుతున్న ఒక తాపీపనివాని గునపానికి బంగారు నాణేలు తగిలాయి. అతని పేరు ఆద్రియన్ కేన్‌కేన్, చెవిటివాడు, మూగవాడు. తాను కనుగొన్నదేమిటో నోటితో చెప్పలేని మనిషి చేతికే ఐరోపా పురావస్తు శాస్త్రపు తొలి రాజసమాధి దొరకటం ఒక విచిత్రం. నూటికి పైగా బంగారు నాణేలు, రెండు వందల దాకా వెండి నాణేలు, ఎర్రరాళ్ళు పొదిగిన బంగారు పిడి గల ఖడ్గం, గుర్రపు తల, మూడు వందల దాకా చిన్నచిన్న బంగారు తేనెటీగలు, అన్నింటినీ మించి ఒక ముద్రటుంగరం అక్కడ బయటపడ్డాయి. ఉంగరం మీద లాటిన్ అక్షరాల్లో షిల్డెరిక్ రాజు పేరు ఉంది. ఇతడు 481లోనో 482లోనో చనిపోయిన ఫ్రాంకుల నాయకుడు, క్లోవిస్‌కు తండ్రి.

ఆ ఉంగరం మీది బొమ్మను ఒకసారి శ్రద్ధగా చూడవలె. జుట్టు పొడుగ్గా భుజాల మీద పడి ఉంది. అది ఫ్రాంకు రాజుల గుర్తు. ఒంటిమీద మాత్రం రోమను సేనాని కవచం, చేతిలో బల్లెం. సమాధిలో దొరికిన బంగారు పిన్ను కూడా రోమను అధికారులు భుజాన అంగీకి తగిలించుకొనే తరహాదే. నాణేల్లో తూర్పు రోమను చక్రవర్తులవి ఉన్నాయి. అంటే పాఠ్యపుస్తకాల్లో రోమును కూల్చిన 'అనాగరికుడు'గా కనిపించే ఈ మనిషిని అతని వాళ్ళు ఏకకాలంలో ఫ్రాంకు రాజుగాను, రోము ఉద్యోగిగాను అలంకరించి పాతిపెట్టారు. 1980ల్లో ఆ చుట్టుపక్కల మళ్ళీ తవ్వినప్పుడు మూడు గోతుల్లో ఇరవైకి పైగా గుర్రాల అస్థిపంజరాలు దొరికాయి. ఇన్ని గుర్రాలను చంపి పూడ్చటం ఒక్కపూట పనీ కాదు, ఒకరిద్దరి పనీ కాదు. ఊరూ సైన్యమూ పోగయి చూసిన తతంగం అది.

ఎవరు చేయించారు? క్లోవిస్. అప్పటికి అతనికి పదిహేను, పదహారేళ్ళు. ఫ్రాంకులకు ఒక్కడే రాజు లేడు. పక్క ఊళ్ళల్లో బంధువులైన ఇతర నాయకులు తలెత్తుకొని ఉన్నారు. రోము నుంచి జీతమూ లేదు, అండా లేదు. గడ్డం కూడా సరిగా మొలవని కుర్రవాడు తండ్రి అధికారం తనకు దక్కుతుందని అందరి కళ్ళముందు చూపించుకోవలసిన ఘడియ అది. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 511లో, ఆ కుర్రవాడే గాల్ దేశంలో చాలా భాగానికి ఏలికగా కన్నుమూశాడు. అతణ్ణి పారిస్‌లో తాను కట్టించిన చర్చిలో పాతిపెట్టారు. గుర్రాలను చంపవలసిన అవసరం అతని కొడుకులకు రాలేదు.

ఈ నిధి తర్వాతి కథ కూడా చెప్పుకోదగ్గదే. షిఫ్లే అనే వైద్యుడు 1655లో దాని మీద బొమ్మలతో సహా గ్రంథం వ్రాశాడు. నిధి వియన్నాకు పోయి, అక్కడి నుంచి 1665లో పద్నాలుగో లూయీకి కానుకగా చేరింది. 1804లో నెపోలియన్ పట్టాభిషేకానికి పాత రాజవంశపు చిహ్నం పనికిరాదు గనుక షిల్డెరిక్ తేనెటీగలను అరువు తెచ్చుకొని తన దుస్తుల మీద కుట్టించుకున్నాడు. కొత్తగా గద్దె ఎక్కినవానికి పాత తాతలు కావలసి వస్తారు! 1831లో దొంగలు పారిస్ గ్రంథాలయంలో పడి నిధిని ఎత్తుకుపోయి చాలావరకు కరిగించేశారు. ఇప్పుడు మిగిలినవి రెండు తేనెటీగలు, ఖడ్గపు ముక్కలు కొన్ని. మనం చదువుకొనేది ఎక్కువగా షిఫ్లే అచ్చు వేయించిన బొమ్మలనే.

తాతలను వెదుక్కొనే ఈ పని ఇరవయ్యో శతాబ్దిలో శాస్త్రం వేషం వేసుకుంది. గుస్తాఫ్ కొస్సిన్నా అనే జర్మను పండితుడు 1911లో ప్రకటించిన పుస్తకంలో, ఒక తరహా వస్తువులు ఎంత మేర దొరుకుతాయో అంత మేరా ఒక జాతి నివసించిందని సూత్రీకరించాడు. కుండ, పిన్ను, కత్తి దొరికిన ఊళ్ళను పటం మీద చుక్కలుగా పెట్టి గీత గీస్తే జాతి సరిహద్దు తేలుతుంది. ఆ గీత పక్క దేశంలోకి చొచ్చుకుపోతే ఆ నేల మనదే. కొస్సిన్నా 1931లో పోయాడు. రెండేళ్ళకు అధికారంలోకి వచ్చినవాళ్ళకు ఈ సూత్రం చేతికందిన ఆయుధమయింది. 1935లో హిమ్లర్ పూర్వీకుల పరిశోధన పేరిట ఒక సంస్థనే పెట్టించాడు. 936లో చనిపోయిన మొదటి హైన్రిక్ రాజు వెయ్యో వర్ధంతికి 1936లో క్వెడ్లిన్‌బుర్గ్ చర్చిలో ఉత్సవం చేయించాడు. మరుసటి ఏడు అతని ఎముకలు దొరికాయని ప్రకటించి వాటిని తిరిగి సమాధి చేయించాడు. తరవాత జరిగిన మారణహోమం అందరికీ తెలిసినదే. సమాధులను తప్పుగా చదవటం పండితుల ఇంటిగొడవ కాదని చెప్పటానికి ఇంతకంటె నిదర్శనం అక్కర్లేదు.

జాతివాదం ఓడినా దాని పద్ధతి పుస్తకాల్లో చాలాకాలం బతికే ఉంది. దాన్ని వస్తువుల సాక్ష్యంతోనే ఎదుర్కొన్న పరిశోధనల్లో హైన్రిక్ హార్కె 1990లో ప్రకటించినది నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. ఇంగ్లండులో ఆంగ్లో సాక్సను కాలపు 47 శ్మశానాలను తీసుకొని ఆయుధాలతో పాతిపెట్టబడిన మగవాళ్ళ లెక్క తీశాడు. ఎదిగిన మగవాళ్ళలో దాదాపు సగంమంది దగ్గర ఏదో ఒక ఆయుధం ఉంది. వీళ్ళంతా యోధులా? ఎముకల మీద మానిన కత్తిగాట్లకూ సమాధిలో ఆయుధం ఉండటానికీ సంబంధం కనబడలేదు. వెన్నెముక లోపంతో పుట్టినవాని పక్కనా ఆయుధముంది. బల్లెం ఎత్తలేని పసిబిడ్డ పక్కనా ఉంది. చరిత్రల్లో యుద్ధాలు ఎక్కువగా నమోదైన దశాబ్దాల్లో ఆయుధసమాధులు ఎక్కువ కావలె గదా? అదీ లేదు. చాలాచోట్ల పోరాడటానికి చాలినన్ని ఆయుధాలు కూడా లేవు. డాలు ఉంటే బల్లెం లేదు, బల్లెం ఉంటే డాలు లేదు. తేలిందేమంటే ఆయుధం వృత్తిని చెప్పటం లేదు. ఫలానా కుటుంబానికి ఊళ్ళో ఫలానా స్థానం ఉందని అది చాటుతున్నది.

1959లో జర్మనీలోని కొలోను మహాచర్చి అడుగున దొరికిన రెండు సమాధులు ఈ మాటను మరింత గట్టిగా చెబుతాయి. ఆరో శతాబ్ది తొలి సగానికి చెందినవి. ఒకదానిలో నిండా నగలున్న యువతి. రెండోదానిలో ఆరేళ్ళ బాలుడు. ఆ పసివాని పక్కన పెద్దవాళ్ళ కొలతకు చేసిన ఖడ్గం, బల్లెం, గొడ్డలి, డాలు, విల్లంబులు ఉన్నాయి. తలకు సరిపోయే చిన్న శిరస్త్రాణం ఉంది. చెక్కమంచం, చిన్న కుర్చీ కూడా ఉన్నాయి. ఆ ఖడ్గం ఎత్తేందుకు వాడికి ఇంకా పదేళ్ళు కావలె. వాడు బతికి ఉంటే ఎవరయ్యేవాడో దాన్ని పాతిపెట్టారు. వారసుడు పోయిన ఇంటివాళ్ళు, వంశం ఆగిపోలేదు సుమా అని ఇరుగుపొరుగు ప్రభువులకు చెప్పుకుంటున్నారని నేనంటాను. దుఃఖం లేదని కాదు. చిన్న కుర్చీ పెట్టింది దుఃఖమే అయి ఉండాలి. పెద్ద ఖడ్గం పెట్టింది రాజకీయం.

స్వీడన్‌లోని బిర్కా దీవిలో పదో శతాబ్దికి చెందిన మరొక సమాధి ఉంది. పంతొమ్మిదో శతాబ్ది చివర హ్యాల్మార్ స్టోల్పె తవ్వించాడు. ఖడ్గం, గొడ్డలి, బల్లేలు, బాణాలు, రెండు డాళ్ళు, రెండు గుర్రాలు, చదరంగం వంటి ఆటకు పావులు దొరికాయి. నూరేళ్ళకు పైగా అందరూ దాన్ని ఒక వీరపురుషుని సమాధిగానే వర్ణించారు. 2017లో ఎముకల జన్యుపరీక్ష చేస్తే ఆ వ్యక్తి స్త్రీ అని తేలింది. వెంటనే కొందరు వీరనారి అని పొంగిపోయారు. కొందరు, స్త్రీ అయితే ఆ కత్తి ఆమెది కాదులెమ్మన్నారు. పురుషుడనుకున్నన్నాళ్ళూ కత్తి అతనిదే అనటానికి ఎవరికీ సందేహం రాలేదు! ఆమె యుద్ధం చేసిందో లేదో కత్తి చెప్పజాలదు. కత్తితో పాతవలసిన మనిషిగా ఆమెను ఆ ఊరివాళ్ళు గుర్తించారన్నది మాత్రం కాదనలేని సంగతి.

ఇక్కడ ఒక మాట చెప్పవలె. జన్యుశాస్త్రం వచ్చింది గనుక ఇక జాతుల పటాలు నిజమే అని మళ్ళీ బయలుదేరుతున్నవాళ్ళున్నారు. 2022లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన ప్రకారం, ఆ కాలంలో తూర్పు ఇంగ్లండులో పాతిపెట్టబడినవాళ్ళ వంశమూలం సగటున నూటికి 76 వంతులు సముద్రం అవతలి ఉత్తర ఐరోపాదే. వలస జరిగిన మాట నిజం. దాన్ని దాచుకోవలసిన అగత్యం మనకు లేదు. కాని ఆ పరిశోధనలోనే ఆయుధాలతో పాతిపెట్టబడిన మగవాళ్ళలో వలసవచ్చినవాళ్ళ వంశంవారూ పాతకాపుల వంశంవారూ సమానంగానే కనిపించారు. కొన్ని శ్మశానాల్లో ఆడవాళ్ళ విషయంలో మాత్రం వలసవంశపువాళ్ళకు నగలు ఎక్కువగా ఉన్నాయి. ఒకే శ్మశానంలో కత్తి ఒక లెక్క ప్రకారం పోయింది, పిన్ను మరొక లెక్క ప్రకారం పోయింది. కొస్సిన్నా గీత ఇక్కడ ఎక్కడ గీస్తారు?

సాహిత్యం చదువుకున్నవాళ్ళకు ఇదంతా కొత్తగా తోచకూడదు. కావ్యానికి అవతారిక ఉంటుంది. శాసనానికి ప్రశస్తి ఉంటుంది. నన్నయ భారతావతారికలో రాజరాజనరేంద్రుడు పండితుల నడుమ నిండుకొలువు తీరి ఉంటాడు. సవతితమ్ముడు విజయాదిత్యునితో సింహాసనం కోసం సాగిన పోరు ఆ కొలువులో వినబడదు. అందుచేత అవతారిక అబద్ధమని తీసిపారేస్తామా? పారేయం. ఆ రాజు ఎలా కనిపించదలచుకున్నాడు, ఎవరికి కనిపించదలచుకున్నాడు అని అడుగుతాం. వర్ణన ఎంత దట్టంగా ఉంటే వెనక బెంగ అంత దట్టంగా ఉందేమోనని అనుమానిస్తాం. వస్తువులతో నిండిన సమాధి కూడా ఒక అవతారికే. పైగా అవతారికను తాటాకుల మీద తరతరాలు చదువుకున్నారు. సమాధిని చూసినవాళ్ళు ఒక్కపూట చూశారు, తరవాత మన్ను కప్పేశారు. అంత సొమ్ము ఒక్కపూట ప్రదర్శన కోసం ఖర్చు చేశారంటే ఆ పూటకు ఎంత విలువ ఉండి ఉండాలి!

గై హాల్సాల్ అనే చరిత్రకారుడు ఫ్రాన్సులోని మెట్స్ ప్రాంతపు శ్మశానాలను పరిశీలించి 1995లో ఒక గ్రంథం ప్రకటించాడు. అందులో నాకు నచ్చినది వయసుల లెక్క. నగలు ఎక్కువగా ఉన్నది యౌవనంలోను, బిడ్డలను కనే వయసులోను పోయిన స్త్రీల సమాధుల్లో. వృద్ధస్త్రీల సమాధుల్లో అంత సామగ్రి లేదు. కేవలం ఆస్తి లెక్క అయితే ఇలా ఉండకూడదు. పెళ్ళీడు పిల్ల పోతే రెండు కుటుంబాల పొత్తు తెగుతుంది. చిన్నపిల్లల తల్లి పోతే వారసత్వం చిక్కులో పడుతుంది. ఏ చావు వల్ల కుటుంబపు పరపతికి దెబ్బ తగులుతుందో ఆ చావుకు ఊరి ఎదుట ఖర్చు పెట్టారు. మునిమనుమలను చూసి పోయిన ముసలమ్మ విషయంలో నిరూపించుకోవలసింది ఏమీ లేదు. అట్టి ఉత్త సమాధిని చూసి బానిస అనేవాడు ఆ ఊరి పెద్దింటి అవ్వను బానిసను చేస్తున్నాడన్నమాట.

మనవాడైన గార్డన్ చైల్డ్ ఈ విషయాన్ని 1945లోనే పట్టుకున్నాడు. యాభైవేల ఏళ్ళ శవసంస్కారాలను పరిశీలిస్తూ వ్రాసిన చిన్న వ్యాసంలో, సమాజం స్థిరపడి సంపద పెరిగేకొద్దీ సమాధుల్లో పెట్టే సొమ్ము ఆ దామాషాలో పెరగదు, తగ్గుతుంది. మహావైభవంగా నిండిన రాజసమాధులు రాజ్యం అప్పుడప్పుడే పుడుతున్న, ఏదీ కుదుటపడని సంధికాలాల్లో కనిపిస్తాయి అని సూచించాడు. తొలినాళ్ళలో కొస్సిన్నా నుంచి 'సంస్కృతి' అనే పనిముట్టును తీసుకొని, అందులోని జాతి విషాన్ని తీసివేసి వాడినవాడు కూడా చైల్డే. యాభైవేల ఏళ్ళను ఒకే సూత్రంలో ఇమడ్చటం సాధ్యమా అని అడగవచ్చు. నాకూ ఆ శంక ఉంది. కాని షిల్డెరిక్ గుర్రాలకూ క్లోవిస్ చర్చికీ మధ్య ముప్ఫై ఏళ్ళకు మాత్రం ఆ సూత్రం చక్కగా అతుకుతుంది.

సరే, ఖర్చు పెట్టినవాళ్ళ సంగతి చెప్పాను. ఖర్చయిన శ్రమ ఎవరిది? షిల్డెరిక్ ఖడ్గపు పిడి మీద, తేనెటీగల రెక్కల మీద, ఆ కాలపు పిన్నుల మీద మెరిసే ఎర్రరాయి గార్నెట్. దాన్ని మిల్లీమీటరు మందాన పలకలుగా కోసి, అంచులు అరగదీసి, కింద గళ్ళు అద్దిన పలుచని బంగారు రేకు వేసి, బంగారు గదుల్లో బిగించేవారు. వెలుగు రాయిలోంచి దిగి రేకు మీద పడి తిరిగి వచ్చేటప్పుడు నిప్పుకణికలాగా కనిపిస్తుంది. పారిస్‌లో కాలిగారో, పెరాన్ మొదలైనవారు ఈ రాళ్ళ రసాయన పదార్థాలను కొలిచారు. అయిదు, ఆరు శతాబ్దాల నగల్లో వాడిన రాళ్ళలో పెద్ద భాగం భారతదేశం నుంచి, సింహళం నుంచి వచ్చినవని తేలింది. ఏడో శతాబ్ది నాటికి ఆ రాబడి సన్నగిల్లి బొహీమియా నుంచి వచ్చిన చిన్న రాళ్ళు వాడారు. పిన్నుల రూపమే మారిపోయింది.

మన దగ్గర కూడా ఈ రాయి ఉంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గరీబ్‌పేట అనే ఊరి పక్క కొండలో గార్నెట్ విస్తారంగా దొరుకుతుంది. పుదుచ్చేరి దగ్గరి ప్రాచీన రేవు అరికమేడులో పూసలు చేసినవాళ్ళకు ఈ కొండ రాయే వెళ్ళిందని 2017లో ప్రకటించిన పరీక్షల్లో రుజువయింది. షిల్డెరిక్ తేనెటీగలో ఉన్నది మన గరీబ్‌పేట రాయి అని నేను అనటం లేదు. అటువంటి గొప్ప చెప్పుకుంటే కొస్సిన్నాకూ నాకూ భేదం ఉండదు. కాని ఈ దేశపు ఏదో ఒక కొండవాలులో మట్టి జల్లించి రాళ్ళేరినవాళ్ళు, రేవులో మూటలెత్తినవాళ్ళు, ఎర్రసముద్రం మీద ఓడ నడిపినవాళ్ళు లేకుండా ఆ ఫ్రాంకు కుర్రవాని వైభవం లేదు. జాతి స్వచ్ఛతకు పతకంగా హిమ్లర్ మనుషులు ఎత్తి చూపిన 'జర్మను' నగల గుండెలో ఉన్నది హిందూమహాసముద్రం దాటి వచ్చిన రాయి.

ఇంత సొమ్ము మట్టిపాలయిందా అంటే, పూర్తిగా కాలేదు. టూర్ నగరపు బిషప్పు గ్రెగరీ ఆరో శతాబ్ది చివర వ్రాసిన చరిత్రలో ఒక ఉదంతం చెప్పాడు. గున్‌ట్రామ్ బోసో అనే ప్రభువు భార్యకు చుట్టమైన ఒక స్త్రీ పిల్లలు లేకుండా పోయింది. మెట్స్ నగరం దగ్గరి చర్చిలో బోలెడు బంగారంతో ఆమెను సమాధి చేశారు. కొద్ది రోజులకే, ఊరి జనం పండుగకు బయటికి పోయిన సమయం చూసి, బోసో నౌకర్లు చర్చిలో దూరి సమాధి తెరిచి సొమ్మంతా ఒలుచుకున్నారు. పట్టుబడి, యజమాని చేయమన్నాడని చెప్పేశారు. ఫ్రాంకుల న్యాయశాస్త్రంలో పాతిన శవాన్ని తవ్వి దోచినవాణ్ణి, మృతుని బంధువులకు పరిహారం చెల్లించి వాళ్ళను సమాధానపరచేదాకా, ఊరి నుంచి వెలివేయాలని ఉంది. అంటే దోపిడీ మామూలు సంగతే. అయితే ఇటీవలి పరిశోధకులు హంగరీ మైదానాల నుంచి ఇంగ్లండు దాకా తెరవబడిన సమాధులను పోల్చి చూసి మరో విషయం గమనించారు. పాతిన తరంలోనే, జ్ఞాపకం ఉండగానే, వచ్చి తవ్వినవాళ్ళు ఖడ్గాన్నో పిన్నునో ఏరి తీసుకున్నారు. అంతే విలువైన మరికొన్ని వస్తువులను అక్కడే వదిలారు. ఒట్టి దొంగలయితే ఏరుకోరు. వంశానికి చెందిన వస్తువు వంశంలోకి తిరిగి రావలసిన అవసరం పడి, సొంతవాళ్ళే వచ్చి తీసుకొని ఉండవచ్చు. బోసో కూడా బంధువే గదా!

ఈ ఆచారం ఎందుకు ఆగిపోయింది? క్రైస్తవం వచ్చింది గనుక అని పాఠ్యపుస్తకాల జవాబు. కొలోను బాలుడు చర్చిలోనే ఉన్నాడు. పారిస్ సమీపాన సాంద్‌నీ చర్చి కింద 1959లోనే బయటపడిన రాణి ఆర్నెగుండ్ కూడా పేరు చెక్కిన ఉంగరంతో, పట్టుబట్టలతో, నగలతో చర్చిలోనే ఉంది. సమాధిలో వస్తువులు పెట్టవద్దని చర్చి సాధారణ నిషేధం ఏదీ చేయలేదు. 780ల్లో షార్లమేన్ సాక్సనుల మీద విధించిన కఠినశాసనం శవదహనానికి మరణశిక్ష వేసింది, మృతులను పాత దిబ్బల్లో కాక చర్చి శ్మశానంలో పాతాలన్నది. శవం ఎక్కడ ఉండాలన్నదే దాని పట్టుదల, చేతిలో ఏముండాలని కాదు.

అసలు మార్పు భూమిలో ఉంది. ఏడో శతాబ్దిలో కలిగినవాళ్ళు వరుస శ్మశానాన్ని వదిలి విడిగా దిబ్బలు పోయించుకున్నారు, లేదా సొంత భూమిలో చిన్న చర్చి కట్టించుకొని అందులో పడుకున్నారు. మృతుని ఆత్మశాంతికి ప్రార్థనలు జరిపే కరారుతో పొలాలు, అడవులు, వాటి మీద పనిచేసే మనుషులతో సహా మఠాలకు దానమిచ్చారు. దానపత్రం అన్నది ఒక్కపూట ప్రదర్శన కాదు. ఏటా ప్రార్థన జరిగినప్పుడల్లా ఆ వంశం పేరు వినబడుతుంది. ఫ్రాంకుల కాలాన్ని గురించి 1881, 82ల్లో ఎంగెల్స్ వ్రాసుకున్న వ్యాసంలో స్వేచ్ఛగా ఉన్న రైతు భూమి చర్చికీ ప్రభువుకూ ఎలా చేరిపోయిందో వివరించాడు. ఆయన చేతిలో ఉన్నవి ముఖ్యంగా పత్రాలు, చట్టాలు. శ్మశానాలు ఆయన చెప్పిన మాటనే మరో వైపు నుంచి చెబుతున్నాయి. ఊరి ఎదుట కత్తితో నిరూపించుకోవలసిన పెద్దరికం, ఊరి అనుమతి అక్కర్లేని పెద్దరికంగా మారింది. ఖర్చు తగ్గలేదు, మట్టిలోకి పోయే సొమ్ము మఠానికి పోయింది. కౌలు కట్టేవాడు మాత్రం శాశ్వతంగా కట్టాడు.

ఈ మొత్తం మార్పును ఒకే దిబ్బ మీద చూడదలచినవారికి ఇంగ్లండులో సటన్ హూ ఉంది. 1939లో శ్రీమతి ప్రెటీ అనే భూస్వామిని తన పొలంలోని దిబ్బను బాసిల్ బ్రౌన్ అనే స్థానికుని చేత తవ్వించింది. ఇతడు బడి చదువు పెద్దగా లేని మనిషి. ఇసుకలో తుప్పుపట్టిన మేకుల వరుసలను బట్టి 27 మీటర్ల ఓడ ఆకారాన్ని చెదరకుండా బయటికి తెచ్చింది అతని చేతులే. నిధి కనిపించాక పెద్ద విద్వాంసులు వచ్చి పని తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఏడో శతాబ్ది తొలిభాగపు రాజసమాధి అది. శిరస్త్రాణం, గార్నెట్ పొదిగిన బంగారు సామగ్రి, తూర్పు రోము వెండి పళ్ళేలు, గాల్ దేశంలో ముద్రించిన 37 బంగారు నాణేలు దొరికాయి. శవం మాత్రం ఆ పుల్లటి ఇసుకలో కరిగిపోయింది. ఆ ఆగస్టులో విచారణ సభ కూర్చుంది. ఎప్పటికయినా తీసుకొనే ఉద్దేశంతో దాచిన నిధి అయితే రాజుకు చెందుతుంది. పదిమంది ఎదుట, తిరిగి తీసుకొనే ఉద్దేశం లేకుండా పాతినది గనుక భూయజమానికి చెందుతుందని తీర్పు ఇచ్చారు. ఆమె దాన్ని బ్రిటిషు మ్యూజియానికి ఇచ్చేసింది.

1983 నుంచి 1992 వరకు మార్టిన్ కార్వర్ నాయకత్వాన అక్కడ మళ్ళీ తవ్వినప్పుడు దిబ్బల చుట్టూ మరొక రకం సమాధులు దొరికాయి. నలభైకి కొంచెం తక్కువ. ఎముకలు కూడా మిగలక, ఇసుకలో గట్టిపడిన ముదురురంగు మనిషి నీడలుగా ఉన్నాయి. కొన్నింటికి చేతులు కలిపి కట్టినట్టుంది. కొన్నింటికి తల వేరయింది. కొన్ని బోర్లా, కొన్ని మోకాళ్ళ మీద ఉన్నాయి. ఒక గుంపు దగ్గర ఉరికొయ్య గుంజలవనిపించే గుంటలు బయటపడ్డాయి. మొదట్లో ఇవి రాజుల సమాధులకు ఇచ్చిన బలులేమో అనుకున్నారు. కాలపరీక్షలో ఇవి చాలావరకు ఓడ సమాధి తర్వాత తరాలవని, ఎనిమిదో శతాబ్ది నుంచి పదకొండో శతాబ్ది దాకా సాగినవని తేలింది. అప్పటికి అక్కడి రాజులు క్రైస్తవులు, చట్టాలు వ్రాయించినవాళ్ళు. ఓడను పాతి అధికారం చూపించుకున్న దిబ్బ మీదనే, అధికారం గట్టిపడ్డాక ఉరికొయ్య నాటారు. చూడటానికి జనం అప్పుడూ వచ్చి ఉంటారు.

ఆ నీడలతో పాటు వస్తువులేవీ లేవు, ఒక్కచోట తప్ప. పరుగెత్తుతున్నట్టు కాళ్ళు చాచి పడి ఉన్న ఒక మనిషి వెంట చెక్క నాగలి వంటి పనిముట్టు ఆనవాలు ఉంది. తవ్వినవాళ్ళు అతనికి 'నాగలివాడు' అని పేరు పెట్టారు. అతడు రైతే అని చెప్పటానికి ఇంతసేపూ నేను చేసిన వాదమే నాకు అడ్డు వస్తుంది. ఉరి తీసినవాళ్ళు ఆ నాగలిని ఎందుకు గోతిలో పడవేశారో, అది ఎవరు చూడాలనుకున్నారో అన్నదే అడగవలసి ఉంది.